పెద్ద దొర దినచర్యలో కనబడని మనుషులు



బందరు చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకి నోబుల్ పేరు కొత్త కాదు. నోబుల్ బడి, నోబుల్ కాలేజీ అంటూ తరతరాలుగా నోట నానుతున్న పేరది. ఆ పేరు గల మనిషి రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. ఇంగ్లండులోని చర్చి మిషనరీ సొసైటీ పంపగా 1841లో హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే సహచరుడితో కలిసి ఇక్కడికి వచ్చాడు. 1865 అక్టోబరులో ఈ ఊళ్లోనే చనిపోయాడు. ఆ ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లలేదు. పెళ్లి చేసుకోలేదు. ఇటువంటి మిషనరీల గురించి మన దగ్గర రెండు రకాల రాతలున్నాయి. ఒక రకం స్తోత్రం: దొరగారు వచ్చారు, చదువు తెచ్చారు, వెలుగు తెచ్చారు. రెండో రకం అభియోగం: దొర వచ్చాడు, మతం మార్చాడు, మన సంస్కృతిని చెడగొట్టాడు. పైకి ఒకదానికొకటి శత్రువుల్లా కనిపించే ఈ రెండు రాతలకీ కథానాయకుడు మాత్రం ఒక్కడే, దొర. జరిగిన మంచి అయినా చెడు అయినా అంతా ఆయన చేతుల మీదుగానే జరిగిందని రెండూ నమ్ముతాయి. ఈ నమ్మకం పొరపాటని నా వాదన. పెద్ద మిషనరీ అనే మనిషికి పొద్దున లేచింది మొదలు రాత్రి దీపం ఆర్పేదాకా రోజు ఎలా గడిచిందో చూస్తే, క్రైస్తవం ఊళ్లలోకి నడిచి వెళ్లిన పని ఆ రోజులో ఎక్కడా దొరకదు. ఆ పని చేసినవాళ్లు వేరే ఉన్నారు. ఈ మాట కృష్ణా డెల్టాకి ఎంత వర్తిస్తుందో, వేల మైళ్ల అవతల పసిఫిక్ మహాసముద్రంలో పాలినేషియా దీవులకీ అంతే వర్తిస్తుంది.

ముందు బందరు సంగతి చూద్దాం. నోబుల్, ఫాక్స్ ఇద్దరూ వచ్చీ రాగానే పనిలోకి దిగలేదు. భాష రావాలి. రెండేళ్ల పాటు తెలుగు నేర్చుకోవడమే ముఖ్యమైన పని. ఆ తరవాత ఇద్దరూ పని పంచుకున్నారు. ఫాక్స్ వీధుల్లో, ఊళ్లలో, తిరనాళ్లలో తిరుగుతూ ప్రసంగాలు చేయాలి. నోబుల్ ఒకచోట కూర్చుని బడి నడపాలి. 1843 నవంబరు 21న బడి తెరిచారు. మొదటి రోజు వచ్చిన పిల్లలు ఇద్దరే. తిరగాల్సిన ఫాక్స్ ఆరోగ్యం ఈ ఎండలకి తట్టుకోలేదు. కొంతకాలం నీలగిరి కొండల్లో ఉన్నాడు. 1845లో భార్య ఎలిజబెత్ పోయింది. ఇంగ్లండు వెళ్లి, తిరిగివచ్చి, మళ్లీ జబ్బుపడి వెనక్కి వెళ్లి, 1848 అక్టోబరులో ముప్పై ఒకటో ఏట కన్నుమూశాడు. అతను చదివిన రగ్బీ పాఠశాల వాళ్లు అతని జ్ఞాపకార్థం నిధి కూడబెట్టి, బందరు బడిలో ఒక ఉపాధ్యాయుడి ఖర్చు భరించారు. అంటే, ఊళ్లు తిరగవలసిన మనిషి జ్ఞాపకం కూడా చివరికి తరగతి గదిలోకే చేరింది. ఇక మిగిలింది నోబుల్ ఒక్కడు. ఆయన రోజుకి బడే ఇరుసు. పాఠాలు చెప్పడం, బైబిలు తరగతి తీసుకోవడం, బడి నడవడానికి కావలసిన డబ్బు లెక్కలు చూడడం, లండన్‌లోని కమిటీకి ఉత్తరాలు, ఏడాది నివేదికలు రాయడం. సముద్రం మీద వెళ్లే ఆ ఉత్తరానికి జవాబు రావాలంటే నెలలు పట్టేది. ఏ మిషను కేంద్రంలోనైనా ఒక నియమంలా కనిపించేది ఇదే: మిషనరీ ఎంత పెద్దవాడైతే అంత ఎక్కువగా బల్ల దగ్గర కూర్చుంటాడు. జీతాల పట్టీ, కట్టడాల మరమ్మతు, కిందివాళ్ల తగాదాలు, కలెక్టరుగారికి అర్జీ, లండనుకి జవాబు. సీనియారిటీ ఆయన్ని ప్రజల గుమ్మాల నుంచి ఒక్కొక్క ఏడూ ఒక్కొక్క అడుగు వెనక్కి లాగుతుంది.

నోబుల్ ఆ బల్లని కావాలనే ఎంచుకున్నాడు. ఆయన లెక్క వేరు. పై కులాల పిల్లల్ని చదువుతో ఆకట్టుకుంటే, వాళ్లలో కొందరు క్రైస్తవులైతే, వాళ్ల వెనకాలే మిగతా సమాజం కదులుతుంది అనుకున్నాడు. అందుకే అంటరానివాళ్లని ముద్రపడిన కులాల పిల్లలకి తన బడిలో చోటు పెట్టలేదు. ఇది ఆయన జీవితంలో దాచిపెట్టదగిన విషయం కాదు, సమర్థించదగిన విషయం అసలే కాదు. కానీ ఆ లెక్క ఆయన ఒక్కడి బుర్రలో పుట్టింది కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. ‘పెద్దల్ని గెలిస్తే చిన్నవాళ్లు వాళ్లే వస్తారు’ అనే సూత్రానికి ఆ రోజుల్లో పసిఫిక్ దీవుల నుంచి గట్టి రుజువే వచ్చింది.

ఆ దీవుల కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1797 మార్చిలో ‘డఫ్’ అనే ఓడ తాహితీ దీవి చేరింది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన ఆ ముప్పైమందిలో గురుపట్టం పొందినవాళ్లు నలుగురే. మిగతావాళ్లు వడ్రంగులు, తాపీ పనివాళ్లు, దర్జీలు వంటి చేతిపనుల వాళ్లు. మరుసటి ఏడాదే స్థానికులతో గొడవలు వచ్చి చాలామంది సిడ్నీకి పారిపోయారు. నిలిచినవాళ్లలో హెన్రీ నాట్ అనే తాపీ మేస్త్రీ ఉన్నాడు. ఏళ్ల తరబడి చెప్పినా వినేవాడు లేడు. చివరికి కదిలింది రాజు రెండో పొమారే. యుద్ధంలో ఓడి, మళ్లీ 1815లో గెలిచి రాజ్యం నిలుపుకున్న ఆ రాజు, 1819లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తరవాత దీవి మొత్తం అటే మొగ్గింది. టోంగాలో తావుఫాఆహౌ అనే నాయకుడు 1831లో బాప్తిస్మం పొంది జార్జి రాజు అయ్యాడు. అక్కడా జనం రాజు వెనకే నడిచారు. పాలినేషియా సమాజాల్లో నాయకుడంటే పరిపాలకుడు ఒక్కడే కాదు. దేవతలతో సంబంధం కూడా ఆయన ద్వారానే. ఏది తాకవచ్చో, ఏది తాకరాదో చెప్పేవాడు ఆయన. ఆ కట్టుబాటును ‘తాపు’ అంటారు. ఆయనే ఆ కట్టుబాటును తెంచితే, సామాన్యుడికి దాన్ని పట్టుకుని వేలాడవలసిన అవసరం ఉండదు. ఇంగ్లండులో కూర్చుని ఈ నివేదికలు చదివినవాళ్లకి ‘పైనుంచి కిందికి’ అనే దారి సహజంగా తోచి ఉండవచ్చు.

అయితే ఆ నివేదికలు సరిగ్గా చదివి ఉంటే వాళ్లకి ఇంకో సంగతి కూడా కనిపించేది. నాయకుడు ఒప్పుకున్నాక ఊరూరా, దీవిదీవికీ ఆ మాట మోసినవాళ్లు ఎవరు? జాన్ విలియమ్స్ అనే ఆంగ్ల మిషనరీ పేరు పుస్తకాల్లో పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆయన 1821లో ఐతుతాకి అనే దీవిలో పపేయిహా, వహపతా అనే ఇద్దరు దీవివాసుల్ని దించి వెళ్లిపోయాడు. 1823లో రారోటోంగా దగ్గర పపేయిహా ఒంటరిగా ఈదుకుంటూ ఒడ్డుకి చేరి అక్కడే ఉండిపోయాడు. ఆంగ్ల మిషనరీలు ఆ దీవిలో కాపురం పెట్టడానికి ఇంకా నాలుగేళ్లు పట్టింది. వాళ్లు వచ్చేసరికి విగ్రహాలు పోవడం, ప్రార్థనలు మొదలవడం అన్నీ అయిపోయాయి. 1830లో విలియమ్స్ సమోవాకి వెళ్లి, మలియేటోవా అనే నాయకుడి దగ్గర ఎనిమిదిమంది దీవి ఉపదేశకుల్ని వదిలి, కొద్దిరోజుల్లోనే ఓడెక్కాడు. మళ్లీ వచ్చింది 1832లో. మధ్యలో ఆ ఎనిమిదిమంది ఏం తిన్నారు, ఎవరి ఇంట్లో పడుకున్నారు, కొత్త భాష ఎలా పట్టుకున్నారు, ఎవరి చీవాట్లు తిన్నారు అనేది విలియమ్స్ దినచర్యలో ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే ఆయన అక్కడ లేడు. తరవాతి దశాబ్దాల్లో సమోవా, కుక్ దీవుల ఉపదేశకులు న్యూ హెబ్రిడీస్‌కి, న్యూగినీకి వెళ్లి చలిజ్వరాలతో, దాడుల్లో, భార్యాపిల్లలతో సహా ఎందరో రాలిపోయారు. 1839లో ఎరోమాంగా దీవిలో విలియమ్స్ హత్య జరిగితే ఇంగ్లండంతా కన్నీరు పెట్టింది. ఈ ఉపదేశకుల చావులకి అంత కన్నీరు దక్కలేదు.

ఇప్పుడు తిరిగి కృష్ణ ఒడ్డుకి వద్దాం. నాయకుడు మారితే జనం మారతారనే సూత్రం ఇక్కడ ఎందుకు పని చేయలేదు? దీనికి జవాబు బందరుకి కొద్ది దూరంలో ఉన్న కూచిపూడిలోనే ఉంది. ఆ అగ్రహారాన్ని భాగవతుల కుటుంబాలకి ఇచ్చినవాడు గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా అని సంప్రదాయం చెబుతుంది. నవాబు మహమ్మదీయుడు. దానం పుచ్చుకున్నవాళ్లు భామాకలాపం ఆడే బ్రాహ్మణులు. ఇచ్చినవాడు వాళ్లని మతం మారమని అడగలేదు, పుచ్చుకున్నవాళ్లకి ఆ ఆలోచనే రాలేదు. పాలించేవాడి దేవుడు వేరు, పాలితుల దేవుడు వేరు అయినా లోకం నడిచిపోవడం ఈ నేలకి శతాబ్దాల అలవాటు. పైగా ఇక్కడ అధికారం ఒక మనిషిలో కాకుండా కులం అనే కట్టులో ఉంది. ఆ కట్టు తెంచుకున్నవాడు ఎంత గొప్పింటి బిడ్డ అయినా, వెనక ఎవర్నీ తీసుకురాలేడు. తనే వెలి అవుతాడు. 1852లో సరిగ్గా అదే జరిగింది. ఐనాల భూషణం, మంచాల రత్నం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. బడి మొత్తం ఖాళీ అయింది. తల్లిదండ్రులు పిల్లల్ని లాక్కెళ్లిపోయారు. కొంతకాలానికి పిల్లలు తిరిగి వచ్చారు, ఎందుకంటే సర్కారు ఉద్యోగాలకి ఇంగ్లీషు కావాలి. అంటే, వచ్చింది చదువు కోసమే. మతం మారినవాడి ఆస్తిహక్కు పోకుండా 1850లోనే కంపెనీ ప్రభుత్వం చట్టం చేసింది. ఆస్తిని చట్టం కాపాడగలదు, పంక్తిభోజనాన్ని కాపాడలేదు కదా. ఆ తరవాత కూడా ఒకరిద్దరు, ఒకరిద్దరుగా మారినవాళ్లు ఉన్నారు. వాళ్ల వెనక ఊరు కదలలేదు.

ఊరు కదిలింది మరో చోట, మరో మనిషి వెనక. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో రాఘవాపురం అనే ఊళ్లో మాల కులస్థుడు పగోలు వెంకయ్య ఉండేవాడు. నోబుల్ బడి గడప తొక్కే అర్హత లేనివాడు. విగ్రహారాధన మీద నమ్మకం పోయి, తనకి తెలియని దేవుణ్ణి తనకు తోచిన మాటల్లో ప్రార్థించుకుంటూ, ఆ దేవుడి సంగతి చెప్పేవాళ్ల కోసం వెతికాడు. బెజవాడలో టి. వై. డార్లింగ్ అనే మిషనరీని కలిశాడు. డార్లింగ్ అన్నాళ్లూ చెబుతూ వచ్చింది పై కులాలవాళ్లకే. 1859లో వెంకయ్యా, ఆయన మనుషులూ బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడి నుంచి చుట్టాలకి, పక్క పల్లెలకి, పెళ్లిళ్లకి వెళ్లిన చోటికి, చావులకి వెళ్లిన చోటికి మాట పాకింది. వెంకయ్య 1891దాకా బతికి ఆ పని చేస్తూనే ఉన్నాడు. మిషనరీ వెంకయ్యని వెతుక్కుంటూ రాలేదు; వెంకయ్యే మిషనరీని వెతుక్కుంటూ వెళ్లాడు. ఈ ఒక్క సంగతి చాలు, స్తోత్రం రాసేవాళ్లూ అభియోగం మోపేవాళ్లూ ఇద్దరూ తమ పుస్తకాల మొదటి పేజీ తిరగరాసుకోవడానికి.

ఆ తరవాత పల్లెల్లో అలా ఏర్పడిన క్రైస్తవ సంఘాన్ని నిలబెట్టిన మనిషి ఉపదేశి, అంటే స్థానిక బోధకుడు. ఆయన రోజునీ పెద్ద దొర రోజునీ పక్కపక్కన పెట్టి చూడండి. ఉపదేశి మాలపల్లెలోనో, మాదిగపల్లెలోనో అందరిలాంటి తాటాకు ఇంట్లో ఉంటాడు. పగలు బడి, అది కూడా కూలికి వెళ్లని చిన్నపిల్లలకి. పెద్దవాళ్లు పొలం నుంచి వచ్చి గంజి తాగాక, రాత్రి దీపం పెట్టి ప్రార్థన, అక్షరాలు, కీర్తన. పల్లెలో తగాదా వస్తే తీర్పు. జబ్బు చేస్తే పక్కన కూర్చోవడం. మోతుబరి రైతు ‘ఆదివారం గుడికెళితే నా నాట్లు ఎవరు వేస్తారు’ అని కోప్పడితే, ముందు మాట పడేది ఉపదేశే. ఆరుగజాల స్థలం కోసం, బావిలో నీళ్ల కోసం కరణం దగ్గరికి వెళ్లి నిలబడేదీ ఉపదేశే. ఆ పల్లెకి దొరగారు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తారు. డేరా వేస్తారు, బాప్తిస్మాలిస్తారు, ప్రభురాత్రి భోజన సంస్కారం ఇస్తారు, రిజిస్టరులో సంతకం పెడతారు, వెళతారు. లండనుకి వెళ్లే నివేదికలో ఆ రెండు రోజులే ఉంటాయి. మిగతా మూడు వందల అరవై రోజుల చరిత్ర ఎవరు రాయాలి? స్త్రీల విషయంలో ఈ లోటు మరీ ఎక్కువ. ఇళ్లలోకి, వంటిళ్లలోకి, పురిటిగదుల్లోకి దొరలకి ప్రవేశం లేదు. అక్కడికి వెళ్లినవాళ్లు బైబిలు స్త్రీలు అని పిలిచే స్థానిక మహిళలు. వీళ్లలో చాలామందికి చరిత్రలో ఇంటిపేరు కూడా మిగలలేదు.

ఈ వాదనకి మొదటి ఆక్షేపణ ఒకటి న్యాయంగానే వస్తుంది. డబ్బు ఎవరిది? ఉపదేశికి అక్షరం నేర్పిందెవరు? అచ్చుయంత్రం ఎవరు తెచ్చారు? దొరలే కదా. నిజమే, ఇది కాదనలేం. విశాఖపట్నంలో 1805లో దిగిన క్రాన్, డెస్ గ్రాంజెస్ లేకపోతే తెలుగు సువార్తల అచ్చు అంత త్వరగా వచ్చేది కాదు. కానీ ఆ అనువాదం బల్ల దగ్గర వాళ్ల పక్కన ఆనందరాయుడు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు కూర్చుని ఉన్నాడు. తాహితీలో నాట్ చేసిన అనువాదానికి పొమారే రాజే స్వయంగా సాయం చేశాడు. ఇక ఆ పుస్తకాన్ని చదువురాని జనం గొంతులోకి దించింది పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో జనం నోట నిలిచినవి ఎక్కువగా పురుషోత్తమ చౌదరి వంటి తెలుగు కవులవి. 1803లో పుట్టి 1890లో పోయిన ఆ కవి, రాగం తాళం మనవే తీసుకుని పదాలు కట్టాడు. దొరలు తెచ్చిన ఇంగ్లీషు బాణీలు పట్నం గుళ్లలో నిలిచాయి, పల్లెలో చౌదరిగారి బాణీ నిలిచింది. డబ్బు కాలువ తవ్వుతుందేమో గానీ, అందులో నీరు మరెక్కడినుంచో రావాలి. విచిత్రం ఏమిటంటే, ఈ సంగతి లండనులోని పెద్దలకే బాగా తెలుసు. 1841 నుంచి 1872దాకా చర్చి మిషనరీ సొసైటీ కార్యదర్శిగా ఉన్న హెన్రీ వెన్, తన ఖర్చు తనే భరించుకుని, తన పాలన తనే చూసుకుని, తన వ్యాప్తి తనే చేసుకునే స్థానిక సంఘమే లక్ష్యమనీ, అది నిలబడగానే విదేశీ మిషనరీ తప్పుకోవాలనీ పదేపదే రాశాడు. భూషణం, రత్నం 1864లో గురుపట్టం పొందారు. అదే ఏడాది ఆఫ్రికావాడైన శామ్యూల్ క్రౌథర్‌ని ఆంగ్లికన్ బిషప్ చేశారు. మన దేశంలో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా వి. ఎస్. అజరయ్య దోర్నకల్‌లో కూర్చోవడానికి 1912 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. తప్పుకోవడం అనేది కాగితం మీద ఎంత తేలికో, బల్ల దగ్గరి నుంచి లేవడం అంత కష్టం అన్నమాట.

రెండో ఆక్షేపణ ఇంకా ఘాటైనది. పల్లెలవాళ్లు కదిలింది నమ్మకంతో కాదు, అన్నంతో. కరువులో బియ్యం పెట్టి కలిపేసుకున్నారు అని. దీనికి తారీఖులే జవాబు చెప్పాలి. దక్షిణాదిని ఊడ్చేసిన పెద్ద కరువు 1876 నుంచి 1878 వరకు. రాఘవాపురంలో కదలిక 1859లో, దానికి పదిహేడేళ్ల ముందు. కరువు కాలంలో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో వేలమందికి కూలి ఇప్పించాడు. కానీ ఆ సహాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, ఈ నింద వస్తుందనే భయంతోనే. కూలి పనులు ముగిశాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం ఆశ లేదని నేను అనను. ఆకలిగా ఉన్నవాడు ఆత్మగౌరవంతో పాటు అన్నాన్నీ కోరుకుంటాడు, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కానీ లాభం ఒక్కటే లెక్క అయితే ఈ కథ 1950లోనే ముగిసిపోవాలి. ఆ ఏడాది వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, క్రైస్తవం తీసుకున్న దళితులకి షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వలేదు. ఆంధ్రలో వాళ్లని వెనకబడిన తరగతుల్లో ‘సి’ గుంపులో పెట్టారు. మతం మారినందుకు లాభం అటుంచి, నష్టం రాసిపెట్టి ఉన్నా గుళ్లు ఖాళీ కాలేదు. దీనికి మిషనరీని పొగడనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. ఆ పల్లెల మనుషులకి సొంత బుద్ధి ఉంది అని ఒప్పుకుంటే చాలు. మన మేధావులకి కష్టంగా తోచేది ఆ చివరి మాటే.

ఇక మూడోది, సంస్కృతి విధ్వంసం అనే ఆక్షేపణ, పసిఫిక్‌లో చాలావరకు నిజం. పొమారే రాజు పేరిట వచ్చిన చట్టం పాత పూజల్నీ, పాత ఆటపాటల్లో చాలావాటినీ నిషేధించింది. పచ్చబొట్లు కూడా నేరమైన రోజులున్నాయి. రాజు చేతిలో చట్టం, మిషనరీ చేతిలో రాజు. ఇక్కడ మిషనరీకి అటువంటి రాజు లేడు. అందుకని కూచిపూడి భాగవతులు రాత్రంతా ఆడుతూనే ఉన్నారు. ఆట మీద, ముఖ్యంగా దేవదాసీల మేజువాణీల మీద దాడి మన దగ్గరా జరిగింది గానీ, దాన్ని ముందుండి నడిపించినవాళ్లు వీరేశలింగం, బందరులో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు వంటి మనవాళ్లే. నాయుడుగారు నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పినవారు. ఆయన దగ్గర చదివినవాళ్లలో పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు ఉన్నారు. ఈ ముగ్గురూ కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పాదిరి స్థాపించిన కాలేజీలోంచి స్వదేశీ కాలేజీ స్థాపకులు వచ్చారు. నోబుల్ ఈ ఫలితాన్ని కోరలేదు, ఊహించనూ లేదు. తన బల్ల మీద ఏం పండుతుందో కూడా పెద్ద దొర చేతిలో లేదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

దొరల త్యాగాన్ని నేను తక్కువ చేస్తున్నానని కొందరికి అనిపించవచ్చు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. సుమారు ముప్పైవేల మంది చనిపోయారు. షార్కీ దంపతులు నడిపే ఆడపిల్లల బడిలో ఉండి చదువుకునే పిల్లలు ఎందరో ఆ నీళ్లలో పోయారు. జాన్ షార్కీ ఇండియాలోనే పుట్టి, మద్రాసులో శిక్షణ పొందినవాడు. ఆయనా ఆయన భార్యా ఈ ఊళ్లో ఆడపిల్లలకి అక్షరం నేర్పడం మొదలుపెట్టింది 1840ల చివర, వీరేశలింగంగారు పసివాడిగా ఉన్న కాలంలో. ఉప్పెన తరవాత ఏడాది తిరక్కుండానే నోబుల్ పోయాడు. ఆ మనుషుల కష్టం నిజం. కానీ ఆ రాత్రి ముప్పైవేలమంది మునిగిపోతే, మిషనరీల పేర్లు, వాళ్ల బడి సంగతి మనకి తెలియడానికి కారణం, వాళ్ల కష్టాన్ని రాసి దాచే సంస్థ ఒకటి వాళ్లకుంది. కిందివాళ్లకి లేదు. నోబుల్ పోయిన రెండేళ్లకే సోదరుడు ఆయన జీవితచరిత్ర అచ్చువేశాడు. రాఘవాపురం చుట్టూ నడిచిన ఉపదేశుల జీవితచరిత్రలు ఎన్ని ఉన్నాయి? తేడా గొప్పతనంలో లేదు, కాగితంలో ఉంది. అంతమాత్రాన పల్లె సంఘమంతా పచ్చగా ఉందని కూడా అనను. మాల గుడి, మాదిగ గుడి అని విడిపోయిన ఊళ్లు ఈ జిల్లాలోనే ఉన్నాయి. నోబుల్ బడి గడప దగ్గర ఆపిన కులం, వేరే రూపంలో గుడి లోపలికి వచ్చి కూర్చుంది. దీన్ని దొర మీద తోసేస్తే సరిపోదు. పని మనదని ఒప్పుకున్నప్పుడు, అందులోని తప్పూ మనదే అవుతుంది.

గుడివాడ, అవనిగడ్డ, మొవ్వ, పెడన ప్రాంతాల శ్రోతలకి ఒక మనవి. మీ ఊరి గుడిలో పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, సంఘపు లెక్కల పుస్తకాలు, కమిటీ మినిట్సు పుస్తకాలు ఉంటే అవి చెదలు పట్టకముందే చూడండి. వాటిల్లో దొరగారి సంతకం పక్కన, చిన్న అక్షరాల్లో, ఉపదేశి పేరు ఉంటుంది. ఆయన ఏ ఊరివాడు, ఎంత జీతం, ఎన్నేళ్లు అక్కడ ఉన్నాడు, ఆయన భార్య ఏ పల్లెలో ప్రార్థన పెట్టేది అన్నవి ఎనభై ఏళ్లు దాటిన పెద్దల్ని అడిగితే ఇంకా చెప్పగలుగుతారు. అడిగి, ఒక నోటుపుస్తకంలో రాయించి, ఒక నకలు మీ బడికో, గ్రంథాలయానికో ఇవ్వండి. క్రైస్తవులు కానివారు కూడా ఈ పనికి పూనుకోవచ్చు, ఎందుకంటే అది మీ ఊరి చరిత్ర కూడాను.